లినక్స్‌లో గేమ్ ఆడాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాక ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల తీరు మారింది. లినక్స్ ఎలా నేర్చుకోవాలని అడిగేవాళ్ల కంటే, లినక్స్ వేస్తే నా గేములు ఆడతాయా అని అడిగేవాళ్లే ఎక్కువ. అందుకని ఈసారి చోటంతా వాళ్లకే.

జవాబుల్లో పదేపదే వచ్చే పేర్లు ముందే చెప్పేస్తాం. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించడానికి 1993 నుంచి తయారవుతున్న సాఫ్ట్‌వేర్ వైన్. వాల్వ్ సంస్థ కోడ్‌వీవర్స్‌తో కలిసి ఆ వైన్‌ను తీసుకుని, 2018 ఆగస్టులో తన గేమ్ స్టోర్ అయిన స్టీమ్‌లో పెట్టిన రూపమే ప్రోటాన్. అందులో డైరెక్ట్‌ఎక్స్ (విండోస్ గేములు తెర మీద బొమ్మలు గీయించుకునే పద్ధతి) బొమ్మలను, లినక్స్‌లోనూ పనిచేసే అలాంటి పద్ధతి అయిన వల్కన్‌లోకి మార్చే పని ఇద్దరిది: డైరెక్ట్‌ఎక్స్ 11 వరకు డీఎక్స్‌వీకే, 12కు వీకేడీ3డీ-ప్రోటాన్. స్టీమ్‌లో గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీలోకి వెళ్తే ఏ ప్రోటాన్ వాడాలో ఎంచుకోవచ్చు. కింద "కంపాటిబిలిటీ" అన్నచోటల్లా అదే.

ప్రశ్న: మా ల్యాప్‌టాప్ ఐ5 4వ తరం, 8 జీబీ ర్యామ్, ఎన్విడియా 820ఎం. విండోస్ 11 ఎక్కదంటున్నారు. లినక్స్ మింట్ వేస్తే స్టీమ్ గేములు ఆడతాయా? (డిగ్రీ విద్యార్థి, విజయనగరం)

మింట్ ఎక్కుతుంది, స్టీమూ ఎక్కుతుంది. కొత్త గేములు మాత్రం ఆడవు. ర్యామ్ పెంచినా, ఎస్ఎస్‌డీ వేసినా ఆడవు కాబట్టి ఆ ఆశతో డబ్బు పెట్టకండి. అడ్డుపడుతున్నది వల్కన్. డీఎక్స్‌వీకే 2.0 నుంచి వల్కన్ 1.3 ఉండి తీరాలి. మీ 820ఎం ఫెర్మీ తరం చిప్పు. ఎన్విడియా దానికి చివరగా ఇచ్చిన 390 డ్రైవర్‌లో వల్కన్ అసలే లేదు. ప్రాసెసర్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్‌కు వల్కన్ ఉన్నా అరకొరే, 1.3 దాకా రాదు. ఇలాంటి మెషీన్‌లో ప్లే నొక్కితే గేమ్ కిటికీ ఒక్కసారి మెరిసి మాయమవుతుంది, లేదా డైరెక్ట్‌ఎక్స్ మొదలు కాలేదన్న సందేశం వస్తుంది.

పాత మెషీన్లున్న మిగతావాళ్లకు కూడా పనికొచ్చే లెక్క ఇది. ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే 6వ తరం నుంచి నిశ్చింత. ఎన్విడియాలో జీటీఎక్స్ 750, ఆ తర్వాత 900 సిరీస్ నుంచి ఫరవాలేదు. 600, 700 సిరీసుల్లో ఎక్కువ భాగం కెప్లర్ చిప్పులే, అవి 470 డ్రైవర్ దగ్గర, వల్కన్ 1.2 దగ్గర ఆగిపోయాయి. ఏఎండీలో హెచ్‌డీ 7000 కాలపు కార్డులకు ఒక చిత్రమైన ఇబ్బంది ఉండేది: కార్డుకు సత్తా ఉన్నా, కెర్నల్ (లినక్స్‌లో హార్డ్‌వేర్‌ను నడిపించే మూల భాగం) వాటికి వల్కన్ లేని పాత రేడియాన్ డ్రైవర్‌ను తగిలించేది. కెర్నల్ 6.19 నుంచి ఆ కార్డులకు కూడా ఏఎండీజీపీయూ డ్రైవరే వస్తుంది.

మీ మెషీన్‌లో ఏముందో చూడాలంటే వల్కన్-టూల్స్ ప్యాకేజీ వేసి, టెర్మినల్‌లో వల్కన్ఇన్ఫో కమాండ్ ఇవ్వండి. ఏపీఐ వెర్షన్ అన్న వరుసలో 1.3 గానీ అంతకు పైన గానీ ఉండాలి. పరికరం పేరు దగ్గర ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఒక్కటే కనిపిస్తే గ్రాఫిక్స్ కార్డు పని చేయడం లేదనీ, బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోందనీ అర్థం.

అలాగని మీ ల్యాప్‌టాప్ అటకెక్కించనక్కర్లేదు. వల్కన్ కంటే పాత పద్ధతి అయిన ఓపెన్‌జీఎల్‌తో లినక్స్‌కే తయారైన హాఫ్-లైఫ్, పోర్టల్, స్టార్‌డ్యూ వ్యాలీ లాంటివి ప్రోటాన్ లేకుండానే ఆడతాయి. డైరెక్ట్‌ఎక్స్ 9 కాలపు గేములకు ప్రోటాన్‌లోని పాత దారి ఒకటుంది. ప్రాపర్టీస్‌లో లాంచ్ ఆప్షన్స్ గడిలో ఇలా టైపు చేయండి: ప్రోటాన్, యూజ్, వైన్‌డీ3డీ అనే మూడు పదాలు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్లతో. ఆ వెంటనే ఈక్వల్స్ గుర్తు, 1. ఒక ఖాళీ వదిలి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య కమాండ్ అనే మాట చిన్న అక్షరాల్లో. వేగం తగ్గుతుంది గానీ వల్కన్ అక్కర్లేదు.

ప్రశ్న: ఆర్‌టీఎక్స్ 3050 ఉన్న ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేశాను. ఎన్విడియా డ్రైవర్ కూడా వేశాను. అయినా ఏ గేమ్ పెట్టినా సెకనుకు 3 ఫ్రేములే వస్తున్నాయి. (విజయవాడ)

డ్రైవర్ డిస్కు మీదికి వచ్చింది, కెర్నల్‌లోకి రాలేదు. టెర్మినల్‌లో ఎన్విడియా-ఎస్ఎంఐ అని ఇస్తే కార్డు పట్టిక బదులు డ్రైవర్‌తో మాట్లాడలేకపోతున్నానన్న సందేశం వస్తే రోగం ఖాయం, కారణం చాలాసార్లు సెక్యూర్ బూట్. బయాస్‌లో అది ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. ఉబుంటు డ్రైవర్ వేసేటప్పుడే ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. తర్వాతి రీబూట్‌లో నీలం తెర వచ్చి మోక్ (మాడ్యూల్ సంతకాన్ని నమ్మమని మీరు చేర్చే తాళం) మేనేజ్‌మెంట్ చేస్తారా అంటుంది. కొద్ది సెకన్లు ఆగి, ఎవరూ ఏమీ నొక్కకపోతే తనే ముందుకు వెళ్లిపోతుంది. అందరూ తప్పేది సరిగ్గా అక్కడే. ఆ తెరలో ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, కంటిన్యూ కొట్టి, ముందు పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇచ్చి రీబూట్ చేయాలి. మళ్లీ ఆ తెర రావాలంటే అడిషనల్ డ్రైవర్స్‌లో డ్రైవర్‌ను తీసేసి తిరిగి వేయండి. పక్కన విండోస్ అవసరం లేనివాళ్లు సెక్యూర్ బూట్ ఆపేసినా సరిపోతుంది.

అది కుదిరాక కూడా ఫ్రేములు తక్కువగా ఉంటే గేమ్ ఏ చిప్పు మీద నడుస్తోందో చూడాలి. మ్యాంగోహడ్ వేసుకుంటే తెర మూలన కార్డు పేరు, వేడి, ఫ్రేములు కనిపిస్తాయి. అక్కడ ఇంటెల్ పేరు ఉంటే గేమ్‌ను ఎన్విడియా మీదికి పంపే ప్రైమ్-రన్ కమాండ్ వాడండి, లేదా ఎన్విడియా సెట్టింగ్స్‌లో ప్రైమ్ ప్రొఫైల్‌ను పెర్ఫార్మెన్స్‌కు మార్చండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు మాత్రం తిరిగి ఆన్-డిమాండ్‌లోకి తెచ్చుకోవడం మంచిది.

మరో మాట. ఉబుంటు యాప్ సెంటర్‌లో స్టీమ్ అని వెతికితే వచ్చేది స్నాప్ ప్యాకేజీ. దాన్ని తీసేసి, స్టీమ్ వెబ్‌సైట్ నుంచి డెబ్ ఫైలు దింపుకోండి. స్నాప్ పెట్టె లోపల డ్రైవర్లు, గేమ్ డిస్కులు సరిగా అందక వచ్చే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. వాల్వ్‌లో పనిచేసేవాళ్లే బహిరంగంగా దాన్ని వద్దన్నారు.

ప్రశ్న: విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. గేములన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి. లినక్స్ స్టీమ్‌కు ఆ ఫోల్డర్ చూపిస్తే గేములన్నీ కనిపించాయి. ప్లే నొక్కితే స్టాప్ అని మారి, రెండు సెకన్లలో మళ్లీ ప్లే అయిపోతోంది. (నిజామాబాద్)

మీ డీ డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్, అంటే విండోస్ ఫార్మాట్. ప్రోటాన్ ప్రతి గేమ్‌కూ స్టీమ్‌యాప్స్ లోపల కంపాట్‌డేటా అనే ఫోల్డర్‌లో ఒక బుల్లి విండోస్‌ను కట్టుకుంటుంది. అందులో సీ డ్రైవ్‌కు గుర్తుగా "సీ" అక్షరం పక్కన కోలన్ ఉన్న పేరుతో ఒక లింకు పెడుతుంది. లినక్స్‌లో ఫైలు పేరులో కోలన్ ఉండొచ్చు, విండోస్‌లో ఉండకూడదు. కొన్ని డిస్ట్రోలు (మింట్, ఉబుంటు లాంటి లినక్స్ రకాలు) ఎన్‌టీఎఫ్ఎస్‌ను తగిలించేటప్పుడు ఆ పేరునే ఒప్పుకోవు, అక్కడితో గేమ్ ఆగిపోతుంది. ఒప్పుకున్న చోట ఇంకా ప్రమాదం: తర్వాత విండోస్‌లోకి వెళ్లి డిస్క్ చెక్ నడిపితే అది ఆ పేర్లను తప్పులుగా లెక్కించి "బాగుచేస్తుంది". కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్ ఆ డ్రైవ్‌ను చదవడానికే తెరుస్తుంది, రాయడానికి తెరవదు. డ్రైవ్‌లో ఏదో ఒక ఖాళీ ఫైలు సృష్టించి చూడండి. కుదరకపోతే ఇదే సంగతి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి.

నికరమైన మందు ఒక్కటే: గేములకు లినక్స్ సొంత ఫార్మాట్‌లో చోటివ్వడం. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే డీ డ్రైవ్‌ను కుదించండి. ఈ పని లినక్స్ వైపు నుంచి చేయడం కంటే అదే క్షేమం. ఇప్పటి పెద్ద గేమ్ ఒక్కటే 100 జీబీ దాటుతోంది కాబట్టి 200 జీబీ అయినా వదలండి. ఆ ఖాళీని లినక్స్‌లో ఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి, బూట్ కాగానే తగులుకునేలా డిస్క్స్ యాప్‌లో మౌంట్ ఆప్షన్స్ పెట్టండి. ఫోల్డర్ హక్కులు మీ యూజర్ పేరు మీదికి మార్చడం మరవకండి, లేకపోతే స్టీమ్ ఆ డ్రైవ్‌ను రాయడానికి వీల్లేనిదిగా తిప్పికొడుతుంది. స్టీమ్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌లోకి వెళ్లి ఆ డ్రైవ్ జోడించండి.

మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు. పాత డ్రైవ్‌లో స్టీమ్‌యాప్స్ లోపలి కామన్ ఫోల్డర్‌లో ఉన్న గేమ్ ఫోల్డర్‌ను కొత్త డ్రైవ్‌లో అదే చోట, అదే పేరుతో కాపీ చేసి, స్టీమ్‌లో ఇన్‌స్టాల్ నొక్కండి. ఉన్న ఫైళ్లను అది పోల్చుకుని, తేడా ఉన్నంత మేరకే దింపుకుంటుంది. లినక్స్‌కు వేరే రూపం ఉన్న గేమ్ అయితే ముందు కంపాటిబిలిటీలో ప్రోటాన్ ఎంచుకోండి. లేకపోతే లినక్స్ ఫైళ్ల కోసం మళ్లీ గిగాబైట్లు లాగుతుంది.

ప్రశ్న: హాస్టల్‌లో అందరం వాలరెంట్, జీటీఏ ఆన్‌లైన్, బీజీఎంఐ ఆడతాం. లినక్స్‌కు మారితే ఏవి మిగులుతాయి? వర్చువల్ మెషీన్‌లో విండోస్ వేసి ఆడొచ్చా? (ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్)

మీరు చెప్పిన మూడింటిలో ఒక్కటీ మిగలదు. మూడింటి కారణాలూ వేరు, అవి తెలిస్తే రేపు కొత్త గేమ్ వచ్చినప్పుడు మీరే చెప్పగలుగుతారు.

వాలరెంట్‌లో చీటింగ్ జరగకుండా చూసే కాపలా (యాంటీ-చీట్) పేరు వాన్‌గార్డ్. అది విండోస్ కెర్నల్‌లో, కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచే కూర్చునే డ్రైవర్. వైన్, ప్రోటాన్ మార్చేది మామూలు ప్రోగ్రాములు విండోస్‌ను అడిగే పనులను మాత్రమే. విండోస్ కెర్నలే లేనిచోట కెర్నల్ డ్రైవర్ ఎక్కడ కూర్చుంటుంది? ఎన్ని సెట్టింగులు తిప్పినా లాభం లేదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఏళ్ల తరబడి వైన్‌లో ఆడింది. 2024లో దానికీ వాన్‌గార్డ్ పెట్టాక ఆగిపోయింది. కాల్ ఆఫ్ డ్యూటీ, 2025లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 కూడా ఈ కోవలోవే.

జీటీఏ ఆన్‌లైన్ సంగతి వేరు. దానికి 2024 సెప్టెంబర్‌లో పెట్టిన కాపలా బ్యాటిల్ఐ. ఈ బ్యాటిల్ఐకీ, ఈజీ యాంటీ-చీట్‌కూ ప్రోటాన్‌లో పనిచేసే రూపాలు 2021 నుంచే ఉన్నాయి. గేమ్ తయారుచేసినవాళ్లు తమ వైపు నుంచి దాన్ని ఆన్ చేయాలి, అంతే. డేజ్, ఆర్మా 3 వాళ్లు బ్యాటిల్ఐతో ఆన్ చేశారు, ఎల్డెన్ రింగ్ వాళ్లు ఈజీ యాంటీ-చీట్‌తో చేశారు. అవి ఆన్‌లైన్‌లో ఆడతాయి. జీటీఏ వాళ్లు చేయలేదు, పబ్జీ వాళ్లు చేయలేదు, ఫోర్ట్‌నైట్ వాళ్లూ చేయలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వని వ్యవహారం. జీటీఏ 5 కథ మోడ్ మాత్రం లాంచర్‌లో బ్యాటిల్ఐ ఆపుకుని హాయిగా ఆడుకోవచ్చు.

ఇచ్చిన వరం వెనక్కి తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ఏపెక్స్ లెజెండ్స్ 2022 నుంచి లినక్స్‌లో ఆడింది. 2024 అక్టోబర్ 31న ఆపేశారు. లినక్స్ దారిలో వచ్చే చీటింగ్‌ను పట్టుకోవడం కష్టంగా ఉందనీ, ఆ దారిలో వచ్చే ఆటగాళ్లు తక్కువనీ వాళ్లు చెప్పిన కారణం. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు: లినక్స్‌లో కెర్నల్ కూడా వాడేవాడి చేతిలోదే, యూజర్ స్థాయిలో ఉండే కాపలా చూపు అక్కడిదాకా ఆనదు. కాకపోతే వాళ్లు తలుపు మూసిన తర్వాత కూడా విండోస్‌లో చీటర్లు ఉన్నారన్నదీ నిజమే. కాబట్టి ఆన్‌లైన్ గేమ్‌లో స్కిన్‌లకు, పాస్‌లకు డబ్బు పెట్టేముందు, ఈ రోజు లినక్స్‌లో ఆడుతోందన్నది రేపటికి హామీ కాదని గుర్తుంచుకోండి.

బీజీఎంఐ ఫోన్ గేమ్. దానికి విండోస్‌లోనే అధికారిక పీసీ రూపం లేదు.

వర్చువల్ మెషీన్ జోలికి పోకండి. వాన్‌గార్డ్ లాంటివి దాన్ని పసిగట్టి నడవవు, కొన్ని గేముల్లో ఖాతా మీద నిషేధం పడుతుంది. వాలరెంట్ తప్పదంటే విండోస్‌ను వేరే డిస్కులో ఉంచుకోవడమే మార్గం. హాస్టల్లో నలుగురూ కలిసి ఆడాలంటే కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 లినక్స్‌కే తయారైనవి. మార్వెల్ రైవల్స్, ఓవర్‌వాచ్ 2 ప్రోటాన్‌లో ఆడతాయి.

ప్రశ్న: ఆర్‌టీఎక్స్ 4070. కొన్ని గేములు విండోస్‌తో సమానంగా, కొన్ని 15 శాతం నెమ్మదిగా నడుస్తున్నాయి. నా సెటప్‌లో తప్పుందా? (డాలస్, అమెరికా)

ఆ "కొన్ని" ఏవో విడదీసి చూడండి. నెమ్మదించినవి డైరెక్ట్‌ఎక్స్ 12 గేములు అయి ఉంటాయి. ఎన్విడియా కార్డుల మీద వీకేడీ3డీ-ప్రోటాన్‌కు 10 నుంచి 20 శాతం దాకా కోత పడటం అందరికీ అనుభవమే. డైరెక్ట్‌ఎక్స్ 12 గేమ్ తన టెక్స్చర్లు, బఫర్ల చిరునామాలను పెట్టుకునే పద్ధతి ఒకటి, వల్కన్‌ది మరొకటి. ఆ రెంటినీ కలిపే చోట ఎన్విడియా డ్రైవర్ ఏఎండీ డ్రైవర్ అంత సులువుగా సాగదు. మీ తప్పు లేదు.

చేయగలిగినవి ఇవి. గేమ్‌కు డైరెక్ట్‌ఎక్స్ 11 గానీ వల్కన్ గానీ ఎంచుకునే వీలుంటే అదే ఎంచుకోండి. విచర్ 3లో 11 ఉంది, బాల్డర్స్ గేట్ 3లో వల్కన్ ఉంది. విచర్ 3లో 11 తీసుకుంటే రే ట్రేసింగ్ పోతుంది, అది మీ ఇష్టం. బయాస్‌లో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే వీలు) ఆన్‌లో ఉందో లేదో చూడండి. వేలాండ్ (కిటికీలను తెర మీద చూపించే కొత్త పద్ధతి) వాడుతుంటే డ్రైవర్ 555 కంటే పాతది ఉండకూడదు. ఫ్రేముల వరస తప్పకుండా చూసే ఎక్స్‌ప్లిసిట్ సింక్ అందులోనే వచ్చింది, అంతకు ముందువాటిలో ఫ్రేములు వెనక్కీ ముందుకూ అయి తెర మినుకుమినుకుమంటుంది. బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేసే ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ ప్రోటాన్‌లో పనిచేస్తుంది, కోతను పూడ్చుకోవడానికి దాన్ని వాడుకోండి.

జీటీఎక్స్ 900, 1000 సిరీస్ వాళ్లకు ఓ హెచ్చరిక: వాటికి 580 చివరి డ్రైవర్ వరుస. డిస్ట్రో అప్‌డేట్ చేసేముందు ఆ వరుసలోనే నిలబడేలా చూసుకోండి. లేకపోతే పొద్దున్నే నల్ల తెర పలకరిస్తుంది.

ప్రశ్న: గేమ్ తెరిచిన ప్రతిసారీ "ప్రాసెసింగ్ వల్కన్ షేడర్స్" అంటూ పావుగంట తింటోంది. విసుగొచ్చి సెట్టింగ్స్‌లో ఆపేశాను. ఇప్పుడు కథ వీడియోల చోట రంగురంగుల చారలు వస్తున్నాయి! (రాజమహేంద్రవరం)

రెంటికీ ముడి ఉంది, అది బయటికి కనిపించదు. షేడర్ ప్రీ-కేచింగ్ పేరుతో స్టీమ్ రెండు పనులు చేస్తుంది. ఇతర ఆటగాళ్ల మెషీన్లలో పోగైన షేడర్లను (బొమ్మలు ఎలా గీయాలో కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాములను) తెచ్చి, మీ కార్డుకు తగ్గట్టు ముందే కంపైల్ చేయడం మొదటిది. రెండోది, విండోస్ కోడెక్‌లలో (వీడియోను కుదించే పద్ధతుల్లో) ఉన్న గేమ్ వీడియోలను వాల్వ్ వేరే ఫార్మాట్‌లోకి మార్చి పెడుతుంది, అవి కూడా ఈ దారిలోనే దిగుతాయి. పేటెంట్లున్న కోడెక్‌లను ప్రోటాన్‌తో పంచలేక పట్టిన చుట్టుదారి ఇది. ప్రీ-కేచింగ్ ఆపేస్తే ఆ వీడియోలు రావు, వాటి చోట టీవీ స్టేషన్ చారలు వస్తాయి.

సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ కింద ప్రీ-కేచింగ్ మళ్లీ ఆన్ చేయండి. దాని పక్కనే బ్యాక్‌గ్రౌండ్‌లో షేడర్లు తయారుచేసుకోమనే టిక్ ఉంటుంది, అదీ పెట్టండి. మీరు ఆడని వేళ పని అయిపోతుంది. అప్పటికీ తొందరైతే ఆ కిటికీలో స్కిప్ నొక్కండి, కొంపేం మునగదు. 2022 చివర వచ్చిన డీఎక్స్‌వీకే 2.0 నుంచి కొత్త డ్రైవర్ల మీద షేడర్లు గేమ్ లోడ్ అయ్యేటప్పుడే తయారవుతాయి, కాబట్టి పాత రోజుల్లోలా తుపాకీ పేల్చిన ప్రతిసారీ తెర బిగుసుకుపోదు. డ్రైవర్‌గానీ గేమ్‌గానీ అప్‌డేట్ అయిన రోజు ఈ తంతు మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది, అది లోపం కాదు.

చారలు అప్పటికీ పోకపోతే జీఈ-ప్రోటాన్ వాడండి. కోడెక్‌లు అదనంగా కలిపి, వాల్వ్‌తో సంబంధం లేకుండా తయారయ్యే రూపం అది. ప్రోటాన్‌అప్-క్యూటీ అనే చిన్న యాప్‌తో దింపి, స్టీమ్‌ను పూర్తిగా మూసి తెరిస్తే కంపాటిబిలిటీ జాబితాలో కనిపిస్తుంది. దాన్ని ఆ ఒక్క గేమ్‌కే పెట్టండి. అన్నింటికీ అదే పెట్టేసి, తర్వాత ఏది ఎందుకు చెడిందో తెలియక తలపట్టుకునేవాళ్లు చాలామంది.

ప్రశ్న: ఒక గేమ్‌కు స్టీమ్‌లో లినక్స్ రూపం ఉంది. దాని కంటే విండోస్ రూపం ప్రోటాన్‌లో బాగా నడుస్తోంది. ఇదెలా సాధ్యం? సంస్థలు లినక్స్‌కు గేములు చేయడం మానేశాయా? (అనంతపురం)

చాలావరకు మానేశాయి. మానేయడం ఇదే మొదటిసారీ కాదు. 1998లో మొదలైన లోకీ సాఫ్ట్‌వేర్ సివిలైజేషన్: కాల్ టు పవర్, క్వేక్ 3, సిమ్‌సిటీ 3000 వంటివాటిని లినక్స్‌కు తెచ్చి, డబ్బాలో పెట్టి అమ్మింది. 2002 జనవరిలో మూతపడింది. ఆ కాలం నుంచి నిలిచినవాటిలో ముఖ్యమైనది: అక్కడ పనిచేసిన సామ్ లాంటింగా రాసిన ఎస్‌డీఎల్ లైబ్రరీ. కీబోర్డు, ధ్వని, కిటికీ లాంటి పనులకు ఇప్పటికీ లెక్కలేనన్ని గేములు దాని మీదే ఆధారపడతాయి.

2013 ఫిబ్రవరిలో స్టీమ్ లినక్స్‌కు వచ్చాక రెండో విడత. ఫెరల్ ఇంటరాక్టివ్ ఎక్స్‌కామ్, ఏలియన్: ఐసొలేషన్, టూంబ్ రైడర్ గేములను తెచ్చింది, ఆస్పైర్ సివిలైజేషన్ 5 తెచ్చింది. వాల్వ్ 2015లో స్టీమ్ మెషీన్లను దింపింది, అవి అమ్ముడుపోలేదు. తెచ్చిన గేమ్‌ను ఏళ్ల తరబడి విండోస్ రూపంతో సమానంగా అప్‌డేట్ చేస్తూ పోవాలి, ఆ ఖర్చు వచ్చే అమ్మకాలతో సరిపోదు. రాకెట్ లీగ్ 2020 మార్చిలో లినక్స్, మ్యాక్ రూపాల ఆన్‌లైన్ ఆటను ఆపేయడం అందుకు ఉదాహరణ.

మీ గేమ్‌కు జరిగిందీ అదే. పదేళ్ల కిందట ఎవరో ఓపెన్‌జీఎల్‌లోకి మార్చి వదిలేశారు. విండోస్ రూపం ప్యాచ్‌లు అందుకుంటూ వచ్చింది, ప్రోటాన్ నెలనెలా మెరుగైంది. వెనకబడ్డ తమ్ముడిలా లినక్స్ రూపం అక్కడే ఆగింది. మొహమాటం లేకుండా కంపాటిబిలిటీలో ప్రోటాన్ పెట్టుకోండి. పాత లినక్స్ రూపమే కావాలని ఉండి, అది అసలు తెరుచుకోకపోతే అదే జాబితాలో స్టీమ్ లినక్స్ రన్‌టైమ్ 1.0 ఎంచుకోండి. లోపల ఉబుంటు 12.04 కాలపు లైబ్రరీలు ఉంటాయి, పాత గేమ్‌కు పుట్టింటి వాతావరణం దొరుకుతుంది.

మార్చేముందు సేవ్ ఫైళ్లు జాగ్రత్త. లినక్స్ రూపం వాటిని మీ హోమ్ ఫోల్డర్‌లోని దాగిన ఫోల్డర్లలో పెడుతుంది. ప్రోటాన్ అయితే కంపాట్‌డేటాలో ఆ గేమ్ నంబరు ఫోల్డర్ లోపల, విండోస్‌లో ఉండే డాక్యుమెంట్స్, యాప్‌డేటా ఫోల్డర్లలోనే. గేమ్ నంబరు స్టీమ్ స్టోర్ పేజీ చిరునామాలో కనిపిస్తుంది. స్టీమ్ క్లౌడ్ రెంటినీ కలుపుతుందని నమ్మి కూర్చోకండి, గేమ్ చేసినవాళ్లు అలా అమర్చి ఉంటేనే కలుపుతుంది.

ప్రశ్న: ఎపిక్‌లో ఉచితంగా వచ్చినవి చాలా పోగేశాను. లినక్స్‌లో ఎపిక్ లాంచర్ లేదుగా? (తిరుపతి)

లేదు, అవసరమూ లేదు. ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు దొరికే ఫ్లాట్‌హబ్ నుంచి హీరోయిక్ గేమ్స్ లాంచర్ వేసుకోండి. ఎపిక్, జీఓజీ, అమెజాన్ ఖాతాలు మూడూ అందులోనే తెరుచుకుంటాయి. మొదట వైన్ మేనేజర్‌లోకి వెళ్లి జీఈ-ప్రోటాన్ ఒకటి దింపి, ఆ తర్వాతే గేమ్ ఇన్‌స్టాల్ చేయండి. అనుమతి ఇవ్వని డ్రైవ్‌ను ఫ్లాట్‌ప్యాక్ యాప్ చూడలేదు. అప్పుడు అనుమతులు మార్చే ఫ్లాట్‌సీల్ యాప్‌లో ఆ డ్రైవ్ దారిని ఫైల్‌సిస్టమ్ కింద చేర్చాలి, లేకపోతే డౌన్‌లోడ్ మొదట్లోనే హక్కుల దోషం చూపిస్తుంది. జీఓజీ గేముల్లో కొన్నింటికి లినక్స్ ఇన్‌స్టాలర్లు నేరుగా వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. ఒకసారి దింపి దాచుకుంటే ఏ లాంచరూ అక్కర్లేదు.

ప్రశ్న: పెద్ద మ్యాప్ లోడ్ అయ్యేటప్పుడు గేమ్ ఏ సందేశమూ లేకుండా మూసుకుపోతోంది. ర్యామ్ 16 జీబీ, సగం ఖాళీగానే ఉంటోంది. (కర్నూలు)

ఖాళీ ర్యామ్ సమస్య కాదు, దాన్ని ఎన్ని ముక్కలుగా అడగొచ్చన్న హద్దు సమస్య. కెర్నల్‌లో వీఎం డాట్ మ్యాక్స్ మ్యాప్ కౌంట్ అనే విలువ ఉంటుంది, మ్యాక్స్, మ్యాప్, కౌంట్ మధ్య అండర్‌స్కోర్లు. పాత డిస్ట్రోల్లో అది 65530. హాగ్వార్ట్స్ లెగసీ, డేజ్ లాంటివి ఆ హద్దు దాటేస్తాయి. ఫెడోరా 39, ఉబుంటు 24.04 నుంచి దాన్ని 1048576 చేశారు. మీది అంతకంటే పాతదైతే ఈటీసీ కింద సిస్‌సీటీఎల్ డాట్ డీ ఫోల్డర్‌లో కాన్ఫ్ ఫైలు ఒకటి సృష్టించి, అందులో ఆ విలువ పేరు, ఈక్వల్స్ గుర్తు, 1048576 అని ఒక్క వరుస రాసి రీబూట్ చేయండి. తగ్గకపోతే పైన వైన్‌డీ3డీకి చెప్పిన పద్ధతిలోనే లాంచ్ ఆప్షన్స్‌లో ప్రోటాన్, లాగ్ అనే రెండు పదాలతో రాయండి. హోమ్ ఫోల్డర్‌లో గేమ్ నంబరుతో లాగ్ ఫైలు వస్తుంది, చివరి యాభై వరుసలు మాకు పంపండి.

ప్రశ్న: కెర్నల్ 6.14లోని ఎన్‌టీసింక్‌తో ఫ్రేములు రెట్టింపు అవుతాయని వీడియోల్లో చెబుతున్నారు. నిజమా? (వరంగల్)

ఎన్‌టీసింక్ అంటే గేమ్‌లోని పనులు ఒకదానికోసం ఒకటి ఆగే ఏర్పాటును కెర్నల్‌లోనే చేయడం. అలాంటిదేమీ లేని మామూలు వైన్‌తో పోల్చిన అంకెలవి. ప్రోటాన్‌లో ఆ పనికే ఎఫ్‌సింక్ ఏళ్లుగా ఉంది, దానితో పోలిస్తే తేడా చాలా గేముల్లో కంటికి ఆనదు. దీనికోసం కెర్నల్ మార్చనక్కర్లేదు.

ప్రశ్న: గేములకు ఏ డిస్ట్రో మంచిది? (ఒంగోలు)

మీ కార్డు వయసును బట్టి. రెండు మూడేళ్ల పాత కార్డుకు మింట్ చాలు. ఆర్‌ఎక్స్ 9070 లాంటి కొత్త ఏఎండీ కార్డుకు కొత్త కెర్నల్, కొత్త మెసా (లినక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్ల కట్ట) ఉండాలి: ఫెడోరా, లేదా దాని మీదే కట్టిన బజైట్. డెబియన్ 12లో మెసా 22.3 దగ్గర ఉంది, అందులో ఆ కార్డు డెస్క్‌టాప్ చూపించడానికే ఆపసోపాలు పడుతుంది. "గేమింగ్ డిస్ట్రో" అన్న పేరుతో వేగం పెరగదు. ప్రోటాన్ అన్నిచోట్లా అదే.

ప్రశ్న: కొనేముందు ఆడుతుందో లేదో తెలుసుకునే మార్గం? స్టీమ్ డెక్ వెరిఫైడ్ అని ఉంటే చాలా? (కరీంనగర్)

వెరిఫైడ్ గుర్తు డెక్ అనే చేతి మెషీన్ కోసం. 1280×800 తెర మీద అక్షరాలు కనిపిస్తున్నాయా, కీబోర్డు లేకుండా ఆడొచ్చా అన్నవి కూడా అందులో లెక్కే. కేవలం అక్షరాలు చిన్నవైనందుకు ప్లేయబుల్ అని దిగిన గేమ్ మీ డెస్క్‌టాప్‌లో నిక్షేపంలా ఆడుతుంది. ప్రోటాన్‌డీబీలో గేమ్ పేరు కొట్టి, పైన కనిపించే గోల్డ్, ప్లాటినం పతకాలను కాదు, కింద మీ కార్డు లాంటి కార్డున్నవాళ్లు గత రెండు మూడు నెలల్లో రాసింది చదవండి. ఆన్‌లైన్ గేమ్ అయితే స్టోర్ పేజీలో కుడివైపు యాంటీ-చీట్ పేరు చాలాసార్లు రాసి ఉంటుంది, అదీ చూడండి.

అనుమానం తీరకపోతే కొని పరీక్షించండి. కొన్న 14 రోజుల లోపు, ఆడింది 2 గంటల లోపు ఉంటే స్టీమ్ డబ్బు తిరిగిస్తుంది. ఆ రెండు గంటల్లో మొదటి తెర దగ్గర సెట్టింగులు తిప్పుతూ కూర్చోకండి, లాంచర్ తెరిచి ఉంచిన సమయం కూడా లెక్కలోకి వస్తుంది. నేరుగా ఆట మొదలుపెట్టి, ఒక వీడియో దాటి, ఒకసారి సేవ్ చేసి, బయటికొచ్చి, మళ్లీ తెరిచి ఆ సేవ్ లోడ్ అవుతోందో లేదో చూడండి.